పైతోపు దాకా మోయగల గది

ఏప్రిల్ 3

కుడిభుజం ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ రాయమంది. చెయ్యి ఎంతదాకా లేచింది, నొప్పి పదికి ఎంత. ఆమె కోసం వేరే పుస్తకం పెట్టాను. అందులో ఆమెకు నచ్చేవి రాస్తున్నాను. ఇది నాది.

నిజం ఇది: వంటసామాన్ల గది ద్వారబంధం మీద కుడిచేతి వేళ్ళు నడిపిస్తే తలుపు నడిమి మడతబందు దాటి నాలుగంగుళాలు వెళ్ళాయి. నొప్పి ఏడు. ఆమె పుస్తకంలో నాలుగని రాశాను.

పై బందు అందుకోవాలి. జూన్ ఆఖరుకల్లా.

ఏప్రిల్ 6

మధ్యాహ్నం బాస్క్ హోటల్లో పొడుగుబల్ల దగ్గర అడవి శాఖ వెండెల్ నా పక్కన కూర్చున్నాడు. సూప్ తాగుతూ మామూలు మాటలా చెప్పేశాడు. పోయిన అక్టోబరు గాలికి పైతోపులో సగం ఆస్పెన్ చెట్లు పడిపోయాయట. మిగిలినవి ఇంకో రెండు చలికాలాలు నిలిస్తే గొప్పేనట. నేను గిన్నె పక్కకి నెట్టేశాను.

ఐతా ఆ కొండల్లో పంతొమ్మిదేళ్ళు గొర్రెలు కాశాడు. గొర్రెలు కాయడానికి సముద్రం దాటి ఇక్కడికి వలసొచ్చిన మా బాస్క్ వాళ్ళు నాన్నని ఐతా అంటారు. కాపరులంతా చేసినట్టే ఆయనా ఆస్పెన్ తెల్లబెరడు మీద కత్తిమొనతో తారీఖులూ పేర్లూ గీసేవాడు. కింద తన గుర్తుగా చిన్న గంట బొమ్మ వేసేవాడు. నేను పుట్టిన కబురు అందిన రోజు నా పేరు కూడా పైతోపులో ఒక చెట్టు మీద రాశాడని అమ్మ చెప్పేది. నేను చూడలేదు. మా రోజుల్లో ఆడపిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. అన్నయ్య గ్రాషన్‌ని మాత్రం పదకొండో ఏట ఒక వేసవంతా తీసుకెళ్ళారు.

నా చెట్టు చూశావా అని ఎప్పుడడిగినా ఒకటే మాట. "పేరూ, సంవత్సరమూ. అంతే. దానికోసం నడుం విరగ్గొట్టుకోవాలా?"

వచ్చే ఏడు తీసుకెళ్తానని పదకొండేళ్ళుగా అంటున్నాడు. చెట్లకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఏప్రిల్ 7

ఆలోచించాను. మా ఊరు ఎల్కో నుంచి పైతోపుకి రాళ్ళదారిలో నాలుగు గంటలు. అక్కడ వేల చెట్లు. ఒక్కరోజులో వెతికి వచ్చే పని కాదు, రోజుల తరబడి అక్కడే ఉండాలి. డేరా వేసుకుందామంటే నేల మీంచి ఒంటి చేత్తో లేవగలనా అని ఈ పొద్దున తివాచీ మీద పడుకుని చూశాను. లేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అది కూడా కుర్చీ కాళ్ళు పట్టుకుని, దాన్ని మీద పడేసుకున్నాక.

కాబట్టి నా పికప్ వెనక బిగించే క్యాంపర్ కావాలి. దారిలో వెళ్తున్నప్పుడు కప్పు అణిగి ఉండాలి, లేకపోతే కొమ్మలు చీల్చేస్తాయి. ఆగాక కప్పు పైకి లేపితే నిలబడేంత గది కావాలి. అన్నిటికంటే ముందు తేలిగ్గా ఉండాలి. నా బండి తలుపు అంచున పచ్చ స్టిక్కర్ ఉంది: మనుషులూ సామానూ కలిపి 1,240 పౌన్లు మించరాదు. ఇరవై ఆరేళ్ళు ఊళ్ళ మీద టపా తిప్పినదాన్ని, ఒక్క పార్సిల్ బరువు కూడా తప్పు రాయలేదు. ఇప్పుడు మొదలుపెట్టను.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. వాడికీ పద్నాలుగేళ్ళు అలాంటిదే ఉండేది, వేటకి వేసుకెళ్ళేవాడు. వదిన పోయాక అమ్మేశాడు. సలహా ఇస్తాడనుకుంటే నవ్వాడు.

ఏప్రిల్ 15

మొదటిది చూశాను. కిరాణా షాపు ముందు ఆగి ఉంది, ఆరెగాన్ నంబరు. లోపల చూడొచ్చా అని అడిగాను. ఈ బళ్ళవాళ్ళలో కాదనేవాడు ఇంతవరకూ నాకు తగల్లేదు. వాళ్ళ ఇంట్లోకి రమ్మన్నా ఇంత సంబరపడరు. మొగుడూ పెళ్ళామూ కలిసి అరగంట చూపించారు, కాఫీ కూడా ఇచ్చారు.

ఇది ఒక పక్కే లేచే రకం. సూట్‌కేసు తెరిచినట్టు ముందు వైపు అతుక్కుని వెనక వైపు పైకి లేస్తుంది. బరువు మూడొందల యాభై పౌన్లే. గొళ్ళెం తీస్తే గ్యాస్ రాడ్లు కప్పుని వాటంతటవే లేపేస్తాయి. ఆహా అనుకున్నాను. తర్వాత మూయమన్నారు. మూయాలంటే పట్టీ పట్టుకుని రెండు చేతులతో వేలాడాలి. ఎడంచేత్తో వేలాడాను. కప్పు ఒక్క అంగుళం దిగలేదు, నా పాదాలు మాత్రం నేల వదిలాయి. పైగా పరుపు పైకప్పులో ఉంది, కోతిలా ఎక్కాలి.

దీన్ని జాబితాలోంచి కొట్టేశాను.

ఏప్రిల్ 16

పై బందుకి ఇంకా పదమూడంగుళాలు.

ఏప్రిల్ 24

బోయిసీ వెళ్ళాను. రెండో రకం. మడతపెట్టిన గట్టి గోడలు, కప్పు మర తిప్పితే లేస్తుంది. డ్రిల్లు మెషీన్ తగిలిస్తే ఆ తిప్పడం కూడా అక్కర్లేదు. నా చేతికి పనే లేదు. గాలివానకి చలించదట. లోపల నిలబడితే నాకు ఇంటికొచ్చినట్టే అనిపించింది, అబద్ధమెందుకు.

బరువడిగాను. పదకొండొందల యాభై అన్నాడు సేల్స్‌మన్. అది నీళ్ళూ గ్యాసూ బ్యాటరీ లేకుండా. నేను నూటయాభై. అంటే నేను ఎక్కి కూర్చునేసరికే స్టిక్కర్ దాటిపోయింది. ఆ మాటే అంటే అతను చెయ్యి ఊపేశాడు.

"అందరూ దాటుతారండీ. ఎవరూ పట్టించుకోరు."

"పైతోపు దారిలో ఒక వాగుంది బాబూ, ఒకవైపు ఏటవాలు. ఆ వాగు పట్టించుకుంటుంది" అన్నాను.

తిరిగొస్తుంటే దారంతా ఆ గట్టి గోడలే గుర్తొచ్చాయి. కొత్త బండి కొంటే? వద్దు. ఆ ఆలోచనలో పడితే ఈ ఏడు కూడా దాటిపోతుంది. అన్నయ్య కోరుకునేది అదే.

మే 5

విన్నెమక్కాలో వెర్లిన్ అనే ఆయన దగ్గర మూడోది. ఇరవై రెండేళ్ళ పాతది. అల్యూమినియం చట్రం, మెత్తటి గుడ్డగోడలు, కప్పు మొత్తం నిటారుగా లేచేది. ముందొకటి వెనకొకటి మడతపలకలున్నాయి. లోపల నిలబడి ఆ పలకని పైకి తోస్తే మడత విడిపోయి నిటారుగా బిగుసుకుంటుంది, దాంతో కప్పు నిలబడుతుంది. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకే అమ్ముతున్నాడు.

ఎనిమిదొందల అరవై అన్నాడు. నమ్మలేదని మొహం మీదే చెప్పాను. గడ్డి యార్డులో వేబ్రిడ్జి ఉంటే పట్టుకెళ్ళాం. నా ఖాళీ బండి ముందు తూచి, తర్వాత క్యాంపర్ ఎక్కించి తూచాం. తొమ్మిదొందల తొంభై. పాపం వెర్లిన్ మొహం పాలిపోయింది. "కంపెనీ కాగితంలో అలాగే ఉందమ్మా" అన్నాడు. కాగితం రాసినవాడికి ఈయన ఇరవై రెండేళ్ళలో బిగించుకున్న అలమారులూ, మేకుల డబ్బాలూ, ఓవెనూ తెలియవు కదా. అక్కడే ఎండలో ఇద్దరం కూర్చుని స్క్రూలు విప్పాం. ఓవెన్, ఎండపందిరి, రెండో పరుపు, మరుగుదొడ్డి పెట్టె. రెండు సీసాల నిండా తుప్పుపట్టిన గాలాలు కూడా వచ్చాయి. మళ్ళీ తూస్తే ఎనిమిదొందల అరవై.

"చెప్పానా" అన్నాడు.

క్యాంపర్ 860, నేను 150, నీళ్ళు 80, రెండో బ్యాటరీ 60, తిండీ పనిముట్లూ 40. మొత్తం 1,190. ఇంకా యాభై మిగులు. ఇదే నా బండికి రాసిపెట్టింది, అక్కడే కొనేశాను.

మే 6

ఒక్కటే చిక్కు. ఇందులో మరా లేదు, గ్యాస్ రాడ్డూ లేదు. కప్పుని మనిషే ఎత్తాలి. వెర్లిన్ ఒక్క తోపుతో ఎత్తేశాడు. నేను ఆయన సాయంతో ఎత్తాను. తేలికే అన్నాను.

తేలిక కాదు.

మే 19

పలక కింద వంగి, ఎడమభుజమూ మెడ వెనక భాగమూ ఆనించి, కాళ్ళతో లేవాలి. చేతులతో కాదు. ఇవాళ ముందు పలక సగందాకా వచ్చి నా నెత్తిన పడింది. బొప్పి కట్టింది. ఫిజియోథెరపీ అమ్మాయి అడిగితే అలమార తగిలిందన్నాను.

మే 20

సగం.

మే 21

సగం.

మే 23

లేచింది. రెండు పలకలూ. ఒక్కదాన్నే. లోపల చెమటకి తడిసిపోయి, బార్లా తీసి ఉన్న తలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని పెద్దగా నవ్వాను. పక్కింటి వాళ్ళ కుక్క మొరిగింది.

జూన్ 9

పద్నాలుగు సార్లలో పద్నాలుగు సార్లూ లేచింది. పై బందుకి నాలుగంగుళాలు.

పటం కావాలి. ఐతా మేతబయళ్ళ పటం అన్నయ్య దగ్గరే ఉంది. అందులో ఏ నెల ఎక్కడ మందని ఆపాడో ఆయన పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు. అది లేకపోతే ఆ తోపుల్లో గడ్డివామిలో సూదిని వెతకడమే. అడిగాను. అప్పట్నుంచి వారంగా ఫోనెత్తడం లేదు.

జూన్ 18

ఉక్కపోత. పొద్దుట్నుంచి ఆకు కదలడం లేదు.

అన్నయ్య వచ్చాడు. పటం తెచ్చాడు, కానీ చేతికివ్వలేదు. చంకలో పెట్టుకుని క్యాంపర్ చుట్టూ తిరిగాడు, గొళ్ళేలు లాగి చూశాడు, టైర్లు తన్నాడు. వంక దొరకలేదు.

"ఎత్తి చూపించు. ఒక్కదానివే ఎత్తితే పటం నీదే, మళ్ళీ నోరెత్తను. ఎత్తలేకపోయావనుకో, ఈ ఏటికి మానెయ్యాలి. మాటేనా?"

"మాటే" అన్నాను.

లోపలికెళ్ళాను. వాడు బయట నిలబడ్డాడు. తలుపు పడింది. వెనక పలక కింద వంగి తోశాను. కదల్లేదు. మళ్ళీ తోశాను. కప్పు మీద ఎవరో కూర్చున్నట్టుంది. మూడోసారి తెలివితక్కువగా కుడిచెయ్యి కూడా వేశాను. కళ్ళ ముందు నక్షత్రాలు కనబడ్డాయి.

బయటికొచ్చేసరికి అన్నయ్య నా మొహం చూడలేదు. "చూశావా పిల్లా. నీ మంచికే చెప్తున్నా" అని పటం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పద్నాలుగు సార్లు లేచింది. ఇవాళ లేవలేదు. వాడి ముందే.

జూన్ 19

చెయ్యి లేవడం లేదు. నడిమి బందు దగ్గరే. ఆమె పుస్తకంలో ఏమీ రాయలేదు.

జూన్ 21

బాస్క్ హోటల్‌కి వెళ్ళలేదు. వెండెల్ అడుగుతాడు.

క్యాంపర్ వైపున్న కిటికీ తెర వేసేశాను.

జూన్ 22

ఆ రోజుకి ఏం మారిందా అని ఆలోచించాను, తలుపు పడడం తప్ప ఏమీ లేదు; అది గాలికే పడి ఉంటుంది.

జూన్ 24

వెర్లిన్‌కి ఫోన్ చేశాను. క్యాంపర్ వెనక్కి తీసుకుంటాడేమో అడుగుదామని. ఎందుకమ్మా అన్నాడు. చెప్పాను. చెప్పడం పూర్తికాకుండానే ఆయన గట్టిగా నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"తలుపు మూసి ఎత్తావా?"

"మూసుకుపోయింది. అయితే?"

"అది గుడ్డగోడల గదమ్మా. కప్పు పైకి లేవాలంటే లోపలికి గాలి రావద్దూ? తలుపూ కిటికీలూ అన్నీ మూసి ఎత్తితే లోపల్నుంచి లాగి పట్టేస్తుంది. ఇలాంటిది కొన్న ప్రతివాడూ ఒక్కసారి చేస్తాడు ఈ తప్పు. ఒక్కసారే. నేనైతే మొదటిసారి నడుం పట్టేసి మూడు రోజులు మంచం మీదున్నా. చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. ఆయన దగ్గర చూసినప్పుడు తలుపు తెరిచే ఉంది. మే నెలంతా నేను ఉక్కకి తలుపు బార్లా తీసుకునే చేశాను. అందుకే ఎప్పుడూ తెలియలేదు.

ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళాను. తలుపు తెరిచాను. నొప్పి ఎనిమిది. ఎడమభుజం ఆనించి లేచాను. కప్పు లేచింది.

మెట్టు మీద కూర్చున్నాను. ఈసారి నవ్వు రాలేదు. పద్నాలుగేళ్ళు వాడి దగ్గర ఇలాంటి క్యాంపరే ఉండేది.

ఇంట్లోకొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. జూన్ 18. ఆకు కదలడం లేదు అని నేనే రాశాను.

జూన్ 25

మూశాడు. వాడే మూశాడు. తెలిసి మూశాడు.

కోపంలో ఒకే మాట మూడుసార్లు రాశాను. ఉండనీ.

జూన్ 26

పటం లేకపోయినా సరే. వెండెల్‌ని అడిగితే అడవి శాఖ పటం మీద పైతోపు చుట్టూ వేలితో గీశాడు. అన్నయ్యకి చెప్పను. ఎల్లుండి బయల్దేరుతున్నాను. నీళ్ళు నింపాను, బియ్యమూ చోరిసో సాసేజిలూ సర్దాను, చెట్టు మీది రాత అద్దుకోవడానికి పన్నెండు గజాల మల్లుగుడ్డా మైనపు బిళ్ళలూ తీసుకున్నాను. యార్డులో తూస్తే 1,194.

జూన్ 28

వాగు దాటాను. బండి ఒరిగినప్పుడు ఊపిరి బిగబట్టాను. బోయిసీ గట్టిగోడలతో వచ్చి ఉంటే ఇప్పుడు వాగులో ఉండేదాన్ని. కొమ్మలు కప్పుని రాసుకుంటూ వెళ్ళాయి, అంతే. తలుపు తెరిచి పెట్టే కప్పు ఎత్తాను.

చెట్లు పడిపోయి ఉన్నాయి. వెండెల్ చెప్పినదానికంటే ఎక్కువ.

జూన్ 30

నాలుగొందల చెట్లు చూసి ఉంటాను. ఎందరో కాపరులు. వంటవాణ్ణి తిట్టినవాడు, వాన రాలేదని రాసినవాడు, ఒక ఆడదాని బొమ్మ గీసి మొహం మాత్రం గీయలేకపోయినవాడు. ఐతా గంట ఏడు చోట్ల కనబడింది. 1953, 1955, 1960. ప్రతిసారీ నా పేరుందేమోనని చెట్టు చుట్టూ తిరిగాను.

బెరడు మీద రాసేవాడు గట్టిగా కోయడు. కత్తిమొన ఆనించి సన్నగా గీకుతాడు, అప్పటికి రాసినట్టే ఉండదు. ఏళ్ళు గడిచేకొద్దీ చెట్టే ఆ గీతని నల్లగా లావుగా చేస్తుంది. తాము రాసింది చాలామంది చూసుకోనే లేదు.

జూలై 3

వర్షం. లోపలే ఉన్నాను. గుడ్డగోడలు టపటపా కొట్టుకుంటుంటే బోయిసీ గట్టిగోడలు మళ్ళీ గుర్తొచ్చాయి. పోనీ.

జూలై 5

దొరికింది.

నా తలకంటే పైన. గుర్రం మీదే కూర్చుని రాసి ఉంటాడు. గంట ఉంది. జూలై 1961 ఉంది. నా పేరు ఉండాల్సిన చోట మాత్రం అరచెయ్యంత వెడల్పున, పాత గాయం మానినట్టు, నల్లటి కాయ కట్టి ఉంది. ఎవరో కత్తి లోతుగా దించి, అడ్డంగా, మళ్ళీ మళ్ళీ కోశారు.

స్టూలెక్కి మల్లుగుడ్డ చుట్టి కట్టాను. మైనం రుద్దాలంటే కుడిచెయ్యి పైకెత్తాల్సిందే, ఎడంచెయ్యి గుడ్డ పట్టుకోవాలి. ఎత్తాను. ఏడుస్తూ రుద్దాను, సగం నొప్పికి. కాయకి పైనా కిందా అక్షరాల తలలూ కాళ్ళూ గుడ్డ మీద తేలాయి. ఒడెట్, నా పేరు. దాని కింద చెక్కుచెదరకుండా నేరే అలాబా అని. నా కూతురు అని.

కాయ పక్కన, చిన్నపిల్లల రాత. గ. 67.

జూలై 6

రాయను.

జూలై 8

గ్రాషన్ పేరులో మొదటి అక్షరం. 1967లో వాడికి పదకొండేళ్ళు. ఆ వేసవి కొండ దిగి వచ్చాక రెండు వారాలు సరిగ్గా అన్నం తినలేదని, అడిగితే చెప్పలేదని అమ్మ అనేది. గొర్రెల కంపు పడలేదేమో అని మేమంతా నవ్వేవాళ్ళం.

పదకొండేళ్ళుగా ఈ చెట్టు నాకు కనబడకుండా ఉంచాలని చూశాడు. చెట్టు పడిపోతుందేమోనని ఎదురుచూశాడేమో కూడా. తిట్టాలని ఉంది. ఇక్కడ వినేవాళ్ళెవరూ లేరు, తిట్టాను.

జూలై 9

ఐతా నా పేరు రాసి వాడిది రాయకుండా ఉంటాడా?

అన్నయ్య పుట్టింది 1956 ఆగస్టు ఆఖర్లో. ఆగస్టులో ఐతా మందని ఎక్కడ ఆపేవాడో పటంలో ఉంటుంది, పటం వాడి దగ్గరుంది. సరే, పటం లేకుండానే వెతుకుతాను. ఆగస్టుకి గడ్డి మిగిలేది ఊటల దగ్గరే. ఊటలు వెతకాలి.

తిండి ఇంకో నాలుగు రోజులకుంది.

జూలై 12

మూడో ఊట దగ్గర ఆయన గంట. ఆగస్టు 1956. పేరేమీ లేదు, వానల సంగతి. దాని పక్కనే ఒక లావుపాటి చెట్టు పడిపోయి ఉంది, రాత ఉండాల్సిన వైపు నేలకి ఆనుకుని. మిగిలిన చెట్లన్నీ చూశాను. ఇదొక్కటే మిగిలింది.

గునపం పెట్టి తోశాను. జాకీ పెట్టాను. జాకీ కొడుతుంటే దుంగని పొర్లించడానికి ఇంకో మనిషి కావాలి. నా దగ్గర ఉన్నది ఒకటిన్నర చేతులు.

ఇంకో మనిషెవరో నాకు తెలుసు.

జూలై 14

ముందు ఇంటికొచ్చి ద్వారబంధం దగ్గరికెళ్ళాను. పై బందు అందింది. ఆమె పుస్తకంలో కూడా ఇదే రాశాను.

తర్వాత అన్నయ్య ఇంటికెళ్ళాను. వంటింటి బల్ల మీద మల్లుగుడ్డ పరిచాను. వాడు చూశాడు, కూర్చున్నాడు. స్టవ్ మీద బీన్స్ మాడుతుంటే నేనే వెళ్ళి ఆపాను.

"తలుపు నువ్వే మూశావు కదూ" అన్నాను.

"మూశా."

"ఇది కూడా నువ్వే."

కాయ అంచున వేలు పెట్టాడు. తర్వాత గుడ్డకేసి చూస్తూనే చెప్పాడు.

"వేసవంతా వెతికానే. మంద వెనక నడుస్తూ గంట కనబడిన ప్రతి చెట్టు దగ్గరా ఆగేవాణ్ణి. నా పేరు ఎక్కడా లేదు. ఐతాని అడగాలంటే సిగ్గు. ఆఖరి వారంలో నీది కనబడింది. నువ్వప్పటికి ఆరేళ్ళ పిల్లవి, కొండ మొహం కూడా చూడనిదానివి. గుర్రమెక్కి కోశా, చెరిపేద్దామనుకుని. ఎంత కోస్తే అంత నల్లగా అవుతుందని ఎవరు చెప్పారు నాకు? తర్వాత అయిదేళ్ళకి వేటకి వెళ్ళి చూస్తే ఊరంత కనబడుతోంది."

"నాకు చెప్తే పోయేదా?"

"ఎలా చెప్పను పిల్లా? నీకు ఐతా రాసిచ్చిందంటూ అదొక్కటే."

నాకు కోపం పోలేదు. పోలేదని చెప్పాను కూడా. చెప్పి, "లే, బట్టలు సర్దుకో. ఒక దుంగ పొర్లించాలి" అన్నాను.

జూలై 15

అన్నయ్య రెండొందల పౌన్లు. స్టిక్కర్‌లో వాడికి చోటు లేదు. నీళ్ళు పారబోశాను, ఊటలో పట్టుకోవచ్చు. రెండో బ్యాటరీ దించేశాను. ఇంకా పది పౌన్లు ఎక్కువొచ్చింది. వాగు దగ్గర వాణ్ణి దింపి నడిపించాను. "అరవై ఏడేళ్ళవాణ్ణి, పది పౌన్లకి నీళ్ళలో నడిపిస్తావా" అని దారంతా సణిగాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. నాకు బాగానే ఉంది.

జూలై 16

ఉదయం కప్పు దించి మూడో ఊట దగ్గరికి నడిచాం. అన్నయ్య జాకీ కొట్టాడు, నేను గునపం నొక్కిపట్టాను. రెండుసార్లు జారింది. మూడోసారి దుంగ మెల్లగా తిరిగి పక్కకి పొర్లింది. తడిసిన బెరడు మీద మట్టి. అన్నయ్య చొక్కా చేతితో తుడిచాడు.

గంట ముందు కనబడింది. తర్వాత తారీఖు, 29 ఆగస్టు 1956. పైన రెండే మాటలు. నేరే సెమెయా.

"పేరు లేదు" అన్నాడు అన్నయ్య. "చూశావా. ఇక్కడా లేదు."

నాకు వాడి బాప్టిజం ఫోటో గుర్తొచ్చింది. అమ్మ చేతుల్లో బొద్దుగా ఉన్న రెండు నెలల పిల్లాడు, చర్చి మెట్ల మీద మంచు.

"అన్నయ్యా, నీకు అప్పటికి పేరెక్కడుంది? మొదటి బిడ్డవని ఐతా దిగొచ్చేదాకా అమ్మ పేరు పెట్టనివ్వలేదు కదా, నాకైతే పేరు పెట్టేసే కబురంపింది. నీకు పేరు పెట్టింది అక్టోబరులో. కొండ మీదికి కబురొచ్చినప్పుడు ఆయనకి తెలిసింది ఒక్కటే, కొడుకు పుట్టాడని. తెలిసింది రాశాడు."

వాడు దుంగ మీద కూర్చుండిపోయాడు. నా కొడుకు అన్న ఆ రెండు మాటల మీద అరచెయ్యి ఆనించి పెట్టుకున్నాడు.

"చూసే ఉంటానే ఇది. ఇక్కడే నీళ్ళు తాగాం రోజూ. గ అక్షరం లేకపోతే చాలు, చదవకుండా దాటిపోయేవాణ్ణి."

ఏడ్చాడు. నేను ఆపలేదు. మైనపు బిళ్ళలు తీసి, మిగిలిన మల్లుగుడ్డ దుంగకి చుట్టి, రుద్దమని వాడి చేతికే ఇచ్చాను.

మధ్యాహ్నం మబ్బు పట్టింది, గాలి లేచింది. వానొచ్చేలోపు కప్పు లేపాలని బండి దగ్గరికి పరిగెత్తాం. నేను లోపలికెక్కబోతుంటే అన్నయ్య నన్ను ఆగమన్నాడు. తలుపు బార్లా తీశాడు. గాలికి కొట్టుకోకుండా ఒక రాయి తెచ్చి అడ్డం పెట్టాడు. రాయి చాల్లేదని వీపు ఆనించి తనే నిలబడ్డాడు.

"ఊఁ, ఇప్పుడు ఎత్తు" అన్నాడు.

ఎత్తాను. ఒక్క తోపులో లేచింది.